విద్యుత్ యూనిట్ ధర నిర్ణయ క్రమం: రావికమతం బిల్లు నుండి పాతికేళ్ల కొనుగోలు ఒప్పందం వరకు

(ప్రత్యేక వ్యాసం)

రావికమతం (అనకాపల్లి జిల్లా): మండలంలోని గృహ వినియోగదారునికి ప్రతి నెలా అందే విద్యుత్ బిల్లు అరచేతిలో ఇమిడే చిన్న కాగితం. అయితే ఆ కాగితంలోని ఒక్కొక్క పద్దు వెనుక ఒక చట్ట నిబంధన, ఒక కమిషన్ ఉత్తర్వు, కొన్ని సందర్భాలలో పాతికేళ్ల కాలపరిమితి గల విద్యుత్ కొనుగోలు ఒప్పందం ఉన్నవి. చెరకు తోటకు మోటారు ద్వారా నీరు పెట్టే రైతుకు అసలు బిల్లే రాదు. కానీ ఆ మోటారు వాడే ప్రతి యూనిట్‌కూ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు చెల్లింపు జరుపుతూనే ఉంటారు. యూనిట్ ధరను ఎవరు, ఎప్పుడు, ఏ ప్రాతిపదికపై నిర్ణయిస్తారు, ఆ నిర్ణయంలో సామాన్య వినియోగదారుడు ఏ దశలో జోక్యం చేసుకోగలడు అన్న విషయాలను పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారుల సౌకర్యార్థం ఈ వ్యాసంలో క్రోడీకరించడమైనది.

గత పాతికేళ్ల అనుభవం ఒక విషయాన్ని స్పష్టం చేస్తున్నది. కొనుగోలు ఒప్పందం ఆమోదానికి ముందు అడిగిన ప్రశ్నకు విలువ ఎక్కువ. ఒప్పందం అమలులోకి వచ్చిన తరువాత దాని భారాన్ని తగ్గించుకొనే మార్గాలు బహు స్వల్పం.

బిల్లులోని లెక్క

రావికమతం మండలం విశాఖపట్నం కేంద్రంగా గల ఆంధ్రప్రదేశ్ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ (ఏపీఈపీడీసీఎల్) పరిధిలోనిది. గృహ వినియోగదారులకు శ్లాబు విధానం అమలులో ఉన్నది. 2022-23 టారిఫ్ ఉత్తర్వులో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్సీ) గృహ వినియోగదారులందరినీ ఒకే వర్గంగా చేర్చి యూనిట్ ధరలను ఈ విధంగా నిర్ణయించింది.

0 నుండి 30 యూనిట్ల వరకు: రూ. 1.90
31 నుండి 75 యూనిట్ల వరకు: రూ. 3.00
76 నుండి 125 యూనిట్ల వరకు: రూ. 4.50
126 నుండి 225 యూనిట్ల వరకు: రూ. 6.00
226 నుండి 400 యూనిట్ల వరకు: రూ. 8.75
400 యూనిట్లు దాటిన పక్షంలో: రూ. 9.75

వినియోగం పెరిగినప్పుడు పై శ్లాబు ధర ఆ శ్లాబులోని యూనిట్లకు మాత్రమే వర్తిస్తుంది. నెలకు 100 యూనిట్లు వాడే కుటుంబానికి మొదటి 30 యూనిట్లకు 57 రూపాయలు, తరువాతి 45 యూనిట్లకు 135 రూపాయలు, మిగిలిన 25 యూనిట్లకు 112 రూపాయల 50 పైసలు, వెరసి 304 రూపాయల 50 పైసలు ఇంధన చార్జీగా లెక్కకు వస్తుంది. అంటే యూనిట్‌కు సగటున మూడు రూపాయల పైచిలుకు. అదే కుటుంబం 200 యూనిట్లు వాడితే ఇంధన చార్జీ 867 రూపాయలకు చేరుతుంది. వినియోగం రెట్టింపు కాగా చార్జీ దాదాపు మూడు రెట్లయింది. స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. వేసవిలో బిల్లు ఒక్కసారిగా పెరిగిందన్న ఫిర్యాదులు వచ్చినప్పుడు, టారిఫ్ పెరిగిందా, వినియోగం పై శ్లాబులోకి వెళ్లిందా, సర్దుబాటు చార్జీ కలిసిందా అన్న మూడు అంశాలను విడివిడిగా పరిశీలించవలసి ఉంటుంది.

సంస్కరణల నేపథ్యం

1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు ఉత్పత్తి, ప్రసారం, పంపిణీ బాధ్యతలను నాలుగు దశాబ్దాల పాటు ఒక్కటే నిర్వహించింది. ధరల నిర్ణయం ఆనాడు ప్రభుత్వం, బోర్డుల మధ్య విషయం. బోర్డు నష్టాలు పెరిగిన దరిమిలా, 1995లో హితేన్ భయ్యా నాయకత్వంలోని ఉన్నత స్థాయి సంఘం బోర్డు విభజనను, స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పాటును సూచించింది. 1998లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం రూపొందింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడివడింది. అదే సంవత్సరం నియంత్రణ కమిషన్ ఏర్పడింది. సంస్కరణల కార్యక్రమానికి ప్రపంచ బ్యాంకు తొలి విడతగా 21 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. 2000 ఏప్రిల్‌లో నాలుగు పంపిణీ సంస్థలు (డిస్కంలు) కార్యకలాపాలు ప్రారంభించాయి. వాటిలో ఈపీడీసీఎల్ ఒకటి.

2000 మే నెలలో కమిషన్ వెలువరించిన తొలి టారిఫ్ ఉత్తర్వు రాష్ట్రవ్యాప్త ఆందోళనకు దారితీసింది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన పోలీసు కాల్పులలో ముగ్గురు మరణించారు. విద్యుత్ ధర లెక్కల పుస్తకానికి పరిమితమైన విషయం కాదని రాష్ట్రానికి తెలియజెప్పిన ఘటన అది. 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత విద్యుత్ నిర్ణయం వెలువడింది. అప్పటి నుండి ప్రభుత్వాలు మారినా ఆ విధానం కొనసాగుతూ వచ్చింది.

2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగినప్పుడు ఒప్పందాలలోని విద్యుత్తును వినియోగం ప్రాతిపదికగా తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం చొప్పున పంచారు. అనంతరం విజయవాడ కేంద్రంగా మధ్య ప్రాంత సంస్థ కూడా ఏర్పడటంతో ఆంధ్రప్రదేశ్‌లో డిస్కంల సంఖ్య మూడుకు చేరింది. కమిషన్ కార్యాలయం 2023లో హైదరాబాద్ నుండి కర్నూలుకు తరలింది.

అధికారాల విభజన

2003 జూన్‌లో అమలులోకి వచ్చిన కేంద్ర విద్యుత్ చట్టం ఎవరి పరిధి ఎంతవరకో నిర్దేశించింది. ఉత్పత్తి కేంద్రం నెలకొల్పడానికి లైసెన్సు అవసరం లేదు. జల విద్యుత్ పథకాలకు మాత్రం నిర్ణీత పరిమితిని బట్టి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ సమ్మతి పొందవలసి ఉంటుంది. ప్రసారం, పంపిణీ, వ్యాపారం లైసెన్సులకు లోబడి జరుగుతాయి. 61, 62 సెక్షన్ల ప్రకారం ధరను నిర్ణయించే అధికారం కమిషన్‌ది. 63వ సెక్షన్ కింద పారదర్శకమైన పోటీ బిడ్డింగ్ ద్వారా వచ్చిన ధరను కమిషన్ స్వీకరిస్తుంది. 64వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు అందిన 120 రోజులలోగా, ప్రజల సూచనలు, అభ్యంతరాలను పరిగణనలోకి తీసుకొని ఉత్తర్వు జారీ చేయవలసి ఉంటుంది. 86వ సెక్షన్ డిస్కంల విద్యుత్ కొనుగోలును, అందుకు సంబంధించిన ఒప్పందాలను కమిషన్ నియంత్రణ కిందికి తెచ్చింది.

రాష్ట్ర ప్రభుత్వానికి ధరను నేరుగా మార్చే అధికారం లేదు. ఒక వర్గానికి తక్కువ ధరకు లేదా ఉచితంగా విద్యుత్ ఇవ్వదలచినప్పుడు, 65వ సెక్షన్ ప్రకారం ఆ వ్యత్యాసాన్ని డిస్కంలకు ముందుగా చెల్లించాలి. "చార్జీల పెంపు ప్రభుత్వ నిర్ణయం" అని గాని, "సబ్సిడీ కమిషన్ మంజూరు చేసింది" అని గాని వార్తలలో పేర్కొనడం ఈ కారణంగా సరికాదు. ధరను నిర్ణయించేది కమిషన్, సబ్సిడీని భరించేది ప్రభుత్వం, వసూలు చేసేది డిస్కం.

కొండల నుండి తీరం వరకు ఉత్పత్తి

రావికమతానికి ఎగువన ఉన్న తూర్పు కనుమలలోనే రాష్ట్ర విద్యుత్ చరిత్రలోని తొలి అధ్యాయాలు ఉన్నవి. ఒడిశా సరిహద్దులో 1955లో ప్రారంభమైన మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం సామర్థ్యం 120 మెగావాట్లు. ఎగువ సీలేరు 240 మెగావాట్లు, దిగువ సీలేరు 460 మెగావాట్ల సామర్థ్యం కలవి. దిగువన సముద్ర తీరంలో, నేటి అనకాపల్లి జిల్లా పరవాడ వద్ద, ఎన్టీపీసీ సింహాద్రి థర్మల్ కేంద్రం కలదు. 500 మెగావాట్ల యూనిట్లు నాలుగింటిలో మొదటి రెండు 2002లోను, తరువాతి రెండు 2011, 2012లోను ప్రారంభమైనవి. మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు.

జిల్లాలోనే ఇంత ఉత్పత్తి ఉండగా జిల్లావాసులకు చౌకగా విద్యుత్ ఎందుకు లభించదన్న ప్రశ్న తరచు వినవస్తుంది. ఉత్పత్తి అయిన విద్యుత్తు గ్రిడ్‌లో కలుస్తుంది. దానిపై హక్కును దూరం నిర్ణయించదు, ఒప్పందంలోని వాటా నిర్ణయిస్తుంది. డిస్కంలు కొనే విద్యుత్ వ్యయమంతా ఒకచోట కలిసి, రాష్ట్రమంతటికీ ఒకే రిటైల్ ధర పట్టికగా వెలువడుతుంది.

థర్మల్ కేంద్రానికి చెల్లింపు రెండు భాగాలుగా ఉంటుంది. నిర్మాణ పెట్టుబడి, రుణ వడ్డీ, తరుగుదల, నిర్వహణ, పెట్టుబడిపై రాబడి కలిసి స్థిర వ్యయం. బొగ్గు లేదా గ్యాసు ఖర్చు చర వ్యయం. కేంద్రం ఉత్పత్తికి సిద్ధంగా ఉన్నంత కాలం, డిస్కం విద్యుత్తును తీసుకున్నా తీసుకోకున్నా స్థిర వ్యయం చెల్లించవలసి ఉంటుంది. ఉదాహరణకు, పూర్తి స్థాయిలో నడిచినప్పుడు ఒక కేంద్రం స్థిర వ్యయం యూనిట్‌కు రూపాయిన్నర, చర వ్యయం మూడు రూపాయలు అనుకొంటే ధర నాలుగున్నర రూపాయలు. ఆ కేంద్రం నుండి సగం విద్యుత్తునే తీసుకుంటే స్థిర వ్యయం యూనిట్‌కు మూడు రూపాయలై, ధర ఆరు రూపాయలవుతుంది. అవసరానికి మించి ఒప్పందాలు కుదుర్చుకున్నప్పుడు వినియోగదారునిపై పడే భారం ఈ లెక్కలోనే ఉన్నది. లోడ్ డిస్పాచ్ కేంద్రం ఏ రోజుకారోజు తక్కువ చర వ్యయం గల కేంద్రాలను ముందుగా నడిపిస్తుంది. దీనినే మెరిట్ ఆర్డర్ అంటారు. చేసుకున్న ఒప్పందాల పరిధిలోనే ఈ పొదుపు సాధ్యపడుతుంది.

ఒప్పందం కుదిరిన తరువాత

1991 తరువాత ప్రైవేటు పెట్టుబడులకు విద్యుత్ ఉత్పత్తి రంగం తెరుచుకున్నది. రాష్ట్రంలో జేగురుపాడు, కాకినాడ, కొండపల్లి గ్యాసు ఆధారిత కేంద్రాలు ఆ దశలో వెలసినవే. కృష్ణా-గోదావరి బేసిన్‌లో డీ6 క్షేత్రం దిగుబడి పడిపోవడంతో 2011 తరువాత రాష్ట్రంలోని గ్యాసు కేంద్రాలలో పెక్కింటికి ఇంధనం కరవైనది. జేగురుపాడు మొదటి దశ 216 మెగావాట్ల కేంద్రాన్ని ఒప్పంద కాలం ముగిశాక 2016లో డిస్కంలే కొనుగోలు చేశాయి. అదే కాలంలో మహారాష్ట్రలోని దభోల్ పథకం దేశమంతటికీ హెచ్చరికగా నిలిచింది. ధర భరించలేక అక్కడి విద్యుత్ బోర్డు 2001లో కొనుగోలు నిలిపివేయగా వివాదం అంతర్జాతీయ వేదికలకెక్కింది.

విశాఖపట్నం సమీపాన పాలవలస వద్ద గల హిందుజా సంస్థ 1,040 మెగావాట్ల బొగ్గు ఆధారిత కేంద్రం ఉదంతం ఈ ప్రాంతానికి సంబంధించినది. 1990 దశకంలో ప్రతిపాదన దశలో ఉన్న ఆ పథకం 2016లో ఉత్పత్తి ప్రారంభించింది. ధర నిర్ణయానికి, ఒప్పంద ఆమోదానికి కమిషన్ ఎదుట ఉన్న దరఖాస్తులను డిస్కంలు ఉపసంహరించుకోగా 2018లో కమిషన్ అనుమతించింది. విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ దానిని తోసిపుచ్చింది. డిస్కంల అప్పీలును సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టివేసింది. విచారణ ముగింపు దశలో వెనుకకు మళ్లడం కుదరదన్నది ఈ వివాద సారాంశం.

పవన, సౌర విద్యుత్ ఒప్పందాల వివాదం ఇంతకన్న విస్తృతమైనది. 2015 నిబంధనావళి కింద పవన విద్యుత్తుకు కమిషన్ యూనిట్‌కు 4 రూపాయల 83 పైసల వంతున, తరువాతి సంవత్సరానికి 4 రూపాయల 84 పైసల వంతున ధర నిర్ణయించింది. ఒప్పంద కాలం 25 సంవత్సరాలు. 2017 నాటికి దేశంలో పోటీ బిడ్డింగ్ ధరలు బాగా తగ్గాయి. 2019 జూలై 1న రాష్ట్ర ప్రభుత్వం 63వ నంబరు ఉత్తర్వు ద్వారా ఒప్పందాల పునఃపరిశీలనకు ఉన్నత స్థాయి సంప్రదింపుల కమిటీని నియమించింది. ఉత్పత్తిదారులు హైకోర్టును ఆశ్రయించారు. 2019 సెప్టెంబర్ 24న ఏక సభ్య ధర్మాసనం ఆ ఉత్తర్వును రద్దు చేసి, విషయాన్ని కమిషన్‌కు నివేదిస్తూ, అప్పటివరకు పవన విద్యుత్తుకు రూ. 2.43, సౌర విద్యుత్తుకు రూ. 2.44 చొప్పున తాత్కాలికంగా చెల్లించాలని ఆదేశించింది. 2022 మార్చి 15న హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఒప్పందంలోని ధరనే చెల్లించాలని, బకాయిలను ఆరు వారాలలో తీర్చాలని తీర్పునిచ్చింది.

ఈ వివాదంలో ఇరుపక్షాల వాదనలకూ ఆధారం ఉన్నది. మార్కెట్‌లో సగం ధరకు లభిస్తున్న విద్యుత్తుకు పాతికేళ్ల పాటు రెట్టింపు చెల్లించడం వినియోగదారులకు భారమని డిస్కంల వాదన. ఆ ధరను నమ్మి బ్యాంకుల వద్ద రుణం తెచ్చి పెట్టుబడి పెట్టినవారికి మధ్యలో ధర తగ్గిస్తే, రేపు ఎవరూ తక్కువ వడ్డీకి రుణం ఇవ్వరని, ఆ వడ్డీ భారం తరువాతి ఒప్పందాల ధరలోకే చేరుతుందని ఉత్పత్తిదారుల వాదన. న్యాయస్థానాలు కుదిరిన ఒప్పందం వైపే మొగ్గినవి. అందుచేత ధర ఎక్కువా తక్కువా అన్న చర్చకు అసలైన వేదిక ఒప్పంద ఆమోదానికి ముందు జరిగే కమిషన్ విచారణయే.

ఎక్స్ఛేంజి ధరలు

ఒప్పందాల ద్వారా లభించే విద్యుత్తు చాలనప్పుడు డిస్కంలు పవర్ ఎక్స్ఛేంజి నుండి కొంటాయి. దేశంలో తొలి ఎక్స్ఛేంజి 2008 జూన్‌లో ప్రారంభమైనది. మరుసటి రోజుకు గాను 15 నిమిషాల వంతున 96 కాలఖండాలకు కొనుగోలుదారులు, అమ్మకందారులు ధరలు కోట్ చేస్తారు. గిరాకీ, సరఫరా సరిపోయిన చోట వచ్చిన ధరే ఆ కాలఖండంలో అందరికీ వర్తిస్తుంది. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైను ద్వారా దక్షిణాది గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో అనుసంధానం కావడంతో ఉత్తరాది విద్యుత్తు ఇక్కడికి రావడం సులభమైనది. 2020 జూన్ 1 నుండి అప్పటికప్పుడు కొనుగోలు చేసే రియల్ టైమ్ మార్కెట్ కూడా అందుబాటులోకి వచ్చింది.

మధ్యాహ్నం సౌర విద్యుత్తు సమృద్ధిగా ఉన్నప్పుడు ఎక్స్ఛేంజి ధర అతి తక్కువకు పడిపోతుంది. సూర్యాస్తమయం తరువాత ఇళ్లలో దీపాలు, పంకాలు, ఏసీలు ఒకేసారి వాడకంలోకి వచ్చినప్పుడు ధర ఎగబాకుతుంది. 2022 వేసవిలో ధరలు అదుపు తప్పగా కేంద్ర నియంత్రణ కమిషన్ యూనిట్‌కు 12 రూపాయల గరిష్ఠ పరిమితి విధించింది. 2023లో దానిని 10 రూపాయలకు తగ్గించింది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలోని పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించవలసి వచ్చింది. ఎక్స్ఛేంజిపై అతిగా ఆధారపడితే ధరకు హామీ ఉండదు. దీర్ఘకాలిక ఒప్పందాలపైనే అతిగా ఆధారపడితే వాడని విద్యుత్తుకు స్థిర వ్యయం చెల్లించవలసి వస్తుంది. డిస్కంల కొనుగోలు ప్రణాళిక ఈ రెండింటి నడుమ సమతూకం పాటించవలసి ఉంటుంది.

బకాయిల విషయంలోనూ క్రమశిక్షణ కఠినమైనది. 2022 జూన్‌లో కేంద్రం జారీ చేసిన ఆలస్య చెల్లింపుల నిబంధనల ప్రకారం ఉత్పత్తిదారులకు సకాలంలో చెల్లించని డిస్కంలకు ఎక్స్ఛేంజిలో కొనుగోలు అవకాశం నిలిచిపోతుంది. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా 13 రాష్ట్రాల పేర్లు ఆ జాబితాలోకి ఎక్కినవి.

ఉచిత విద్యుత్తు – చెల్లించేదెవరు?

రైతు మోటారుకు ఇచ్చే ఉచిత విద్యుత్తు వ్యయాన్ని ప్రధానంగా రాష్ట్ర బడ్జెట్ భరిస్తుంది. పరిశ్రమలు, వాణిజ్య సంస్థలు సరఫరా వ్యయం కన్న ఎక్కువగా చెల్లించే చార్జీలు కొంత మేరకు తక్కువ ధర వర్గాలకు తోడ్పడతాయి. దీనినే క్రాస్ సబ్సిడీ అంటారు. 2025-26 టారిఫ్ ఉత్తర్వులో కమిషన్ నిర్ధారించిన ఆదాయ లోటు సుమారు 12,632 కోట్ల రూపాయలు. దానిని రాష్ట్ర ప్రభుత్వం సబ్సిడీగా భరించడానికి అంగీకరించినందున ఆ ఏడాది రిటైల్ ధరలు పెరగలేదు. సబ్సిడీ విడుదల ఆలస్యమైన పక్షంలో డిస్కం అప్పు తెచ్చుకొని ఉత్పత్తిదారులకు చెల్లిస్తుంది. ఆ వడ్డీ క్రమేణా వినియోగదారుని ఖాతాకే చేరే ప్రమాదం ఉన్నది.

షెడ్యూల్డ్ కులాలు, తెగల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితంగా ఇచ్చే నిర్ణయం 2019లో వెలువడింది. కొండ దిగువ గిరిజన గ్రామాలు గల రావికమతం వంటి మండలాలలో ఈ సదుపాయం ముఖ్యమైనది. సర్వీసు కనెక్షన్ ఎవరి పేరిట ఉన్నది, కుల ధ్రువీకరణ నమోదైనదా అన్న విషయాలను క్షేత్రస్థాయి సిబ్బంది సరిచూడవలసి ఉంటుంది.

వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటల సరఫరా అవసరాల కోసం 2021 డిసెంబర్ 1న భారత సౌర విద్యుత్ సంస్థ (సెకీ)తో 7,000 మెగావాట్లకు యూనిట్ 2 రూపాయల 49 పైసల ధరకు 25 ఏళ్ల ఒప్పందం కుదిరింది. ఈ ఒప్పందంపై హైకోర్టులో వ్యాజ్యాలు దాఖలైనవి. ధరతో పాటు ప్రసార చార్జీలు, సాయంత్రపు గిరాకీకి కావలసిన ప్రత్యామ్నాయ ఏర్పాట్ల ఖర్చు కూడా లెక్కించినప్పుడే ఏ సౌర ఒప్పందం నిజమైన వ్యయమైనా తెలుస్తుంది.

సర్దుబాటు చార్జీలు

టారిఫ్ ఉత్తర్వు అంచనాల ఆధారంగా వెలువడుతుంది. వాస్తవ కొనుగోలు వ్యయం అంచనాను మించినప్పుడు వ్యత్యాసాన్ని వినియోగదారుల నుండి వసూలు చేయడం ట్రూ అప్. వ్యయం తగ్గినప్పుడు తిరిగి ఇవ్వడం ట్రూ డౌన్. 2021 ఆగస్టులో 2014-19 కాలానికి సంబంధించి కమిషన్ సుమారు 3,669 కోట్ల రూపాయల ట్రూ అప్‌ను అనుమతించింది. ఇందులో ఈపీడీసీఎల్ వాటా సుమారు 609 కోట్లు. ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన విషయమై అభ్యంతరాలు రాగా ఆ ఉత్తర్వును ఉపసంహరించి, మరల విచారణ జరిపి, 2022 మార్చిలో మొత్తాన్ని సుమారు 2,910 కోట్లకు తగ్గించింది. అభ్యంతరం తెలిపినందువల్ల ప్రయోజనం ఉండదన్న అభిప్రాయానికి ఈ ఉదంతమే సమాధానం.

2023 ఏప్రిల్ నుండి ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు కింద యూనిట్‌కు 40 పైసల వరకు నెలనెలా వసూలు చేసుకొనే వెసులుబాటు డిస్కంలకు లభించింది. సంవత్సరాంతంలో కమిషన్ లెక్క తేలుస్తుంది. 2022-23కు సుమారు 6,072 కోట్లు, 2023-24కు సుమారు 9,412 కోట్ల రూపాయల సర్దుబాటును 2024లో అనుమతించింది. 2024-25 లెక్కలలో మాత్రం వసూలైన మొత్తం ఆమోదించిన వ్యయం కన్న అధికమని తేలడంతో, సుమారు 923 కోట్ల రూపాయలను 2025 నవంబర్ నుండి యూనిట్‌కు 13 పైసల చొప్పున తిరిగి సర్దుబాటు చేయాలని 2025 సెప్టెంబర్‌లో ఆదేశించింది.

నూతన పెట్టుబడులు

2024 అక్టోబర్‌లో ప్రకటించిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం 160 గిగావాట్ల సామర్థ్యాన్ని, 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులను లక్ష్యంగా నిర్దేశించింది. అనకాపల్లి జిల్లా పూడిమడక వద్ద ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన గావించారు. అంచనా పెట్టుబడి సుమారు 1.85 లక్షల కోట్ల రూపాయలు. ఎగువ సీలేరు వద్ద 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి పథకాన్ని జెన్‌కో ప్రతిపాదించింది. మధ్యాహ్నపు చౌక విద్యుత్తుతో నీటిని ఎగువ జలాశయానికి ఎత్తిపోసి, సాయంత్రం దిగువకు వదిలి విద్యుత్ ఉత్పత్తి చేయడం దీని విధానం. నాలుగు యూనిట్లు ఖర్చు చేస్తే సుమారు మూడు యూనిట్లు తిరిగి లభిస్తాయి. మధ్యాహ్నం, సాయంత్రం ధరల వ్యత్యాసం ఈ నష్టాన్ని, నిర్మాణ పెట్టుబడిని మించినంత కాలమే అట్టి పథకం లాభదాయకం.

పెట్టుబడి ప్రకటనలను వార్తగా ఇచ్చేటప్పుడు పాత్రికేయులు నాలుగు ప్రశ్నలు అడగడం ఉచితం. ఉత్పత్తి అయ్యే విద్యుత్తును కొనేది రాష్ట్ర డిస్కంలా, ఇతరులా? ధర బిడ్డింగ్ ద్వారా వచ్చినదా? ప్రసార లైన్ల ఖర్చు ఎవరి ఖాతాలో చేరుతుంది? విద్యుత్తు తీసుకోకున్నా చెల్లించవలసిన స్థిర వ్యయం ఎంత? కొనుగోలుదారు రాష్ట్ర డిస్కం కాని పక్షంలో బిల్లుపై ప్రభావం స్వల్పం. డిస్కం అయిన పక్షంలో ఆ ఒప్పందం పాతికేళ్ల పాటు ప్రతి గృహ వినియోగదారుని బిల్లులో భాగమవుతుంది.

వినియోగదారుడు పాల్గొనే విధానం

1. డిస్కంలు రానున్న ఆర్థిక సంవత్సరపు ఆదాయ అవసరాల నివేదికను (ఏఆర్ఆర్) సాధారణంగా నవంబర్ చివరికి కమిషన్‌కు సమర్పిస్తాయి. నివేదిక కమిషన్, డిస్కంల వెబ్‌సైట్లలో లభ్యమవుతుంది.

2. పత్రికలలో బహిరంగ ప్రకటన వెలువడిన తరువాత నిర్ణీత గడువులోగా ఎవరైనా లిఖితపూర్వకంగా సూచనలు, అభ్యంతరాలు పంపవచ్చును. ప్రతిని సంబంధిత డిస్కంకు కూడా పంపాలి. న్యాయవాది అవసరం లేదు.

3. బహిరంగ విచారణలో స్వయంగా మాట్లాడవచ్చును. డిస్కంలు సమాధానమివ్వాలి. అభ్యంతరాలపై కమిషన్ తన అభిప్రాయాన్ని ఉత్తర్వులో నమోదు చేస్తుంది.

4. కొనుగోలు ఒప్పందాల ఆమోదంపై కూడా కమిషన్ ప్రకటన ఇచ్చి విచారణ జరుపుతుంది. టారిఫ్ విచారణకు హాజరయ్యేవారిలో కొద్దిమందే దీనికి వస్తున్నారు. దీర్ఘకాలిక ప్రభావం మాత్రం దీనికే ఎక్కువ.

5. ఉత్తర్వుపై 45 రోజులలోగా అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను, అనంతరం చట్టపరమైన ముఖ్య ప్రశ్నలపై సుప్రీంకోర్టును ఆశ్రయించవచ్చును.

6. బిల్లు, మీటరు, సరఫరా అంతరాయాల ఫిర్యాదులకు 1912 నంబరు, డిస్కం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, దానిపై విద్యుత్ అంబుడ్స్‌మన్ కలరు.

మండల స్థాయి అధికారులు బహిరంగ ప్రకటన వెలువడిన వెంటనే గ్రామ సచివాలయాల నోటీసు బోర్డులపై దాని ప్రతిని తెలుగులో ఉంచి, గడువు తేదీని గ్రామసభలలో తెలియజేయడం ఉపయుక్తం. బిల్లు వచ్చిన తరువాత సబ్‌స్టేషన్ వద్ద వ్యక్తమయ్యే అసంతృప్తి, ప్రకటన వెలువడిన నెలలోనే ఒక పేజీ అభ్యంతర పత్రంగా కమిషన్‌కు చేరినట్లయితే, ఉత్తర్వులో దానికి సమాధానం ఇవ్వవలసిన బాధ్యత కమిషన్‌పై ఉంటుంది.